పెళ్ళికొడుకు గంధకం మానేశాడు

డేవిడ్‌రాజు ఉదయగిరి డిపోలో బస్సు డ్రైవరు. నెల్లూరు రూటులో తోలేవాడు. వయసు యాభై దాటింది. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఉన్న ఒక్క కూతురు కృపారాణి కావలిలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ అక్కడే కాపురం పెట్టింది. డ్యూటీకి పోవడం, వచ్చి ఇంత అన్నం ఉడకేసుకోవడం, ఆదివారం చర్చికి పోవడం, అంతే ఆయన బతుకు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడని ఉదయగిరిలో ఎవరూ అనుకోలేదు. ఆయనా అనుకోలేదు.

అనుకున్నది కూతురు. కృపారాణి చిన్నప్పుడు ఆత్మకూరులో హాస్టల్లో ఉండి చదివింది. అప్పుడు ఆమెకు జీవశాస్త్రం చెప్పిన సుకుమారి టీచరు ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ పెళ్ళి మాట ఎత్తకుండానే నలభై దాటేసిన మనిషి. ఆ తల్లి పోయిన ఏడాది కన్ను మూసింది. కృపారాణి ఒకరోజు ఆమె ఇంటికి పోయి, ఇట్టా ఇట్టా అని నేరుగా అడిగేసింది. సుకుమారి కోపం తెచ్చుకోలేదు. నవ్వలేదు. ఆలోచించుకోవాలని మాత్రం చెప్పింది.

ఆలోచన ఎట్లా చేసిందంటే, ఒక సెలవు రోజున ఎవరికీ చెప్పకుండా ఆత్మకూరు స్టాండులో డేవిడ్‌రాజు బస్సెక్కి, ఆయన వెనక సీట్లో కూచుని నెల్లూరు దాకా పోయి వచ్చింది. గుంతల దగ్గర ఆయన బస్సును ఎంత నిమ్మళంగా దించుతాడో చూసింది. గడ్డిమోపు దించిపెట్టి పరిగెత్తుకొస్తున్న ఒక ముసలామె కోసం బస్సు ఆపి, ఆమె ఎక్కి కూచునేదాకా కదలకుండా ఉండటం చూసింది. అడ్డంగా వచ్చిన లారీవాడిని ఆయన తిట్టలేదు కూడా. ఇంటికొచ్చి కృపారాణికి ఫోన్ చేసి, సరేనంది.

ఉంగరాలు మార్చుకుని ప్రధానం చేసుకున్నారు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో చదివే ప్రకటనల్లో మొదటిది పాస్టరుగారు చదివినారు. చాలా ఏళ్ళ తర్వాత డేవిడ్‌రాజు ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. డిపోలో అందరూ ఆయన్ను కొత్త పెళ్ళికొడుకా అని పిలిచేవాళ్ళు. పైకి కసురుకునేవాడు గానీ లోపల సంతోషంగానే ఉండేది.

ఆ సంతోషంలో ఒక రాయి పడింది. డ్రైవర్లకు చేసే వైద్య పరీక్షల్లో ఆయన కడుపు స్కానింగ్ తీసి, లివరులో కొంచెం కొవ్వు చేరిందన్నారు. అక్కడి డాక్టరు దీనికేమీ భయం లేదని, పొద్దున్నే నడవమని, తీపి, నూనె సరుకులు తగ్గించమని, కొన్నాళ్ళాగి మళ్ళీ చూపించుకోమని చెప్పి పంపించాడు. డేవిడ్‌రాజు చెవికి మాత్రం లివరు అన్న ఒక్క మాటే ఎక్కింది. వాళ్ళ నాయన లివరు చెడిపోయి, కడుపంతా నీరు పట్టి పోయినాడు. ఆ పొట్టను ఆయన మర్చిపోలేదు. పెళ్ళి దగ్గర పడతా ఉంటే ఈ సంగతి టీచరమ్మకు చెప్పడమా, మానడమా అన్నది తేలక, చెప్పకుండా ఉండిపోయాడు. పెళ్ళిలోగా లివరును శుభ్రం చేసేసుకుంటే చెప్పాల్సిన పనే ఉండదు కదా అనుకున్నాడు.

శుభ్రం చేసే విధానం ఫోన్లో దొరికింది. ఎవరో తెల్లకోటు వేసుకున్న మనిషి వీడియోలో చెబుతున్నాడు: లివరు నిండా విషం ఉంది, దానికి కారణం గంధకం. టపాకాయల్లో వేసే గంధకమే గుడ్లలో, చేపల్లో, మాంసంలో, పప్పుల్లో, ఉల్లిపాయలో, వెల్లుల్లిలో ఉంది, అది లివరును లోపల నుంచి కాలుస్తుంది. కాబట్టి అవన్నీ మానేసి, బూడిద గుమ్మడికాయ రసం, నిమ్మకాయ నీళ్ళు మాత్రం తాగితే లివరు అద్దంలాగా అయిపోతుంది. డేవిడ్‌రాజు ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ చూశాడు. టపాకాయ మాట ఆయనకు బాగా పట్టింది. ఆ రోజు నుంచి గంధకం బంద్.

పక్కింట్లో ఉండే లాల్ బాషా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. కొయ్యతో స్పూన్లు, గరిటెలు చెక్కుతాడు. ఆయన భార్య కరీంబీ వారానికొకసారైనా డేవిడ్‌రాజుకు కూర పంపించేది. ఆ కూర గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చేసరికి లాల్ బాషా వచ్చి అడిగాడు. పెళ్ళికి చొక్కా పట్టాలని తగ్గుతున్నానని డేవిడ్‌రాజు అబద్ధం చెప్పాడు. నడుం సన్నబడితే పెళ్ళికూతురు సంతోషిస్తుందిలే అని లాల్ బాషా నవ్వి పోయాడు.

తర్వాతి ఆదివారం ఆత్మకూరులో సుకుమారి ఇంట్లో భోజనం. తండ్రీకూతుళ్ళిద్దరూ పోయినారు. పిల్లలకు పాఠం చెప్పడమే గాని నలుగురికి వండి పెట్టడం సుకుమారికి పెద్దగా అలవాటు లేదు. అయినా తెల్లారకముందే లేచి సోమశిల చేపలు పులుసు పెట్టింది, కోడిగుడ్లు వేయించింది, దోసకాయ పప్పు చేసింది, వెల్లుల్లి కారం నూరింది. కృపారాణి మారు మారు వడ్డించుకుని తింది. డేవిడ్‌రాజు విస్తరి ముందు కూచుని ఒక్కొక్క గిన్నె వైపే చూశాడు. ప్రతి గిన్నెలోనూ గంధకమే. చివరికి కాస్త అన్నంలో నిమ్మకాయ పిండుకుని తిని, ఒంట్లో బాగాలేదని లేచినాడు.

సుకుమారి వాళ్ళను గుమ్మం దాకా సాగనంపింది. వాళ్ళు పోయినాక గిన్నెలు సర్దుతూ చాలాసేపు ఆలోచించింది. ఆయనకు తను నచ్చలేదేమో, కూతురి బలవంతం మీద ఒప్పుకున్నాడేమో అనుకుంది. పాస్టరుగారికి ఫోన్ చేసి మిగతా ప్రకటనలు ఆపమని చెబుదామా అని కూడా అనిపించింది. కానీ ఆ ముసలామె కోసం బస్సు ఆపిన మనిషి గుర్తొచ్చి, నాలుగు రోజులు చూద్దాంలే అనుకుని ఫోన్ కింద పెట్టింది.

ఆ నాలుగు రోజుల్లోనే డేవిడ్‌రాజుకు జ్వరం పట్టుకుంది. ఊరంతా తిరుగుతున్న జ్వరమే. కీళ్ళు, నడుం ఒకటే నొప్పులు. సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాడు. జ్వరానికి మందుల షాపులో తెల్ల బిళ్ళలు తెచ్చుకున్నాడు. ఒళ్ళు నొప్పులకని డిపోలో ఎవరో ఇంకో రంగు బిళ్ళలు ఇచ్చినారు. జలుబుకని ఇంట్లోనే మరో అట్ట ఉంది. మూడూ వేర్వేరు మందులే కదా అని మూడూ వేసుకున్నాడు. నొప్పి తగ్గకపోతే మళ్ళీ వేసుకున్నాడు. తిండి మాత్రం గుమ్మడికాయ రసమే.

జ్వరం తగ్గింది గానీ వాంతులు మొదలైనాయి. పక్కటెముకల కింద కుడివైపు బరువు. మంచం మీద నుంచి లేవలేకపోయాడు. పొద్దున్నే పలకరించడానికి వచ్చిన లాల్ బాషా ఆయన కళ్ళు గుంటలు పడి ఉండటం చూసి, అప్పటికప్పుడే తెలిసినవాళ్ళ కారు పిలిపించి నెల్లూరుకని బయలుదేరదీశాడు. ఆత్మకూరు వచ్చేసరికి డేవిడ్‌రాజు సీట్లో కూచోలేకపోతున్నాడు. బస్టాండు దగ్గర డాక్టరు సురేంద్రబాబు ఆస్పత్రి కనబడితే అక్కడే దింపేశాడు.

ఆత్మకూరులో తెలిసినవాళ్ళెవరు అని చూస్తే ఒక్క సుకుమారే. ఆమెకు చెప్పొద్దురా అని డేవిడ్‌రాజు స్నేహితుడి చెయ్యి పట్టుకుని బతిమాలినాడు. లాల్ బాషా ఆ చెయ్యి విదిలించుకుని, ఆయన ఫోన్లోనే నంబరు వెతికి ఆమెకు ఫోన్ చేశాడు.

సుకుమారి స్కూలు నుంచి నేరుగా వచ్చేసింది. అప్పటికే సురేంద్రబాబు రక్తం పరీక్షకు పంపి, ఏమేం మందులు వేసుకున్నావని అడుగుతున్నాడు. డేవిడ్‌రాజు జేబులో నుంచి మూడు అట్టలూ తీసి ఇచ్చాడు. డాక్టరు అట్టల వెనక వైపు చదివి, మూడింటినీ సుకుమారి చేతిలో పెట్టాడు. పేర్లు వేరు, రంగులు వేరు. లోపల అసలు మందు మూడింటిలోనూ ఒకటే. పారాసిటమాల్. తక్కువగా వేసుకుంటే మంచి మందేననీ, ఇట్లా మూడు దారుల్లో పోతే లివరుకు దెబ్బనీ డాక్టరు చెప్పాడు. తర్వాత ఈ మధ్య ఏం తింటున్నావని అడిగితే, డేవిడ్‌రాజు కళ్ళు మూసుకుని లివరులో కొవ్వు, గుమ్మడికాయ, నిమ్మకాయ, వీడియో, అంతా చెప్పేశాడు. గంధకం మాట వినగానే సురేంద్రబాబు తలపట్టుకున్నాడు.

రిపోర్టు వచ్చింది. లివరు దెబ్బతిన్న గుర్తులు బాగానే ఉన్నాయి. కానీ రక్తం గడ్డకట్టే శక్తి ఇంకా చెడలేదు, అంటే లివరు పూర్తిగా చేతులెత్తేయలేదు. దీనికి విరుగుడు మందు ఉందనీ, అది సమయానికి పడితే లివరు తేరుకుంటుందనీ డాక్టరు చెప్పాడు. నెల్లూరులోని పెద్ద డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, అవసరమైతే వెంటనే పంపించేటట్టు అంబులెన్సు కూడా సిద్ధం చేయించాడు. సెలైనులో ఎక్కించే విరుగుడు ఆత్మకూరులో ఆ రోజు లేదు. నెల్లూరులో ఉంది. లాల్ బాషా డిపోకు ఫోన్ చేశాడు. నెల్లూరు నుంచి అప్పుడే బయలుదేరబోతున్న బస్సు కండక్టరు ముస్తాక్, స్టాండు బయట మందుల షాపుకు పరిగెత్తి మందు తీసుకుని బస్సెక్కాడు. అదే మందు, కఫం కరగడానికి ఇచ్చే బిళ్ళ రూపంలో ఆస్పత్రిలో ఉంది కాబట్టి, సెలైను మందు వచ్చేలోపల డాక్టరు వాంతులు ఆగేందుకు సూది వేసి, ఆ బిళ్ళ నీళ్ళలో వేసి తాగించమన్నాడు.

బిళ్ళ గ్లాసులో బుసబుసా పొంగింది. సుకుమారి గ్లాసు నోటి దగ్గర పెట్టింది. డేవిడ్‌రాజు వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు.

"కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడతా ఉండాది," అన్నాడు.

"కొడతాది. ఇందులో ఉండేది గంధకమే. తాగండి," అంది సుకుమారి.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె నవ్వు ఆపుకుంటోంది. అంత నీరసంలోనూ ఆయనకు ఆ నవ్వు చూడాలనిపించి, ముక్కు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాడు.

కాసేపటికి వాంతులు నిలిచినాయి. మందు తీసుకుని ముస్తాక్ వచ్చాడు. బస్సు స్టాండులో ఆపి, ప్రయాణికులకు సంగతి చెప్పి వచ్చాడట. ఎవరూ సణగలేదంట. సెలైను ఎక్కుతూ ఉంటే లాల్ బాషా టీ తాగొస్తానని బయటికి పోయినాడు. సుకుమారి స్టూలు లాక్కుని మంచం పక్కన కూచుంది. వాళ్ళిద్దరూ ఒంటరిగా మాట్లాడుకోవడం అదే మొదలు.

"లివరు సంగతి నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది.

"చెప్తే మీరు వద్దంటారని."

"మీరు నా వంట ముట్టుకోలేదని నేనే వద్దందామనుకున్నాను. నేను నచ్చలేదేమో అనుకున్నాను."

డేవిడ్‌రాజు లేచి కూచోబోయాడు. సెలైను సూది కదిలి నొప్పి పుట్టింది. ఆ చేపల పులుసు వాసన ఉదయగిరి చేరేదాకా వదల్లేదనీ, ఆ రోజు తాను గుడ్ల వైపు చూసిన చూపు దేవుడికే తెలుసుననీ ఆయన చెప్పుకొచ్చాడు. ఆమె వింటూ కొంగుతో నోరు మూసుకుంది. ఈసారి నవ్వు ఆగలేదు.

తర్వాత ఆయన అడిగాడు, గంధకం విషమైతే విరుగుడులో ఎందుకు ఉందని. సుకుమారి ఎంతోమంది పిల్లలకు లివరు పాఠం చెప్పింది. కానీ ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు తక్కువ.

"మీ బస్సులో టిక్కెట్టు లేకుండా దిగితే చెకింగ్ వాళ్ళు వదలరు కదా. లివరు కండక్టరు పని చేస్తాదనుకోండి," అంది. "మందులు గానీ, ఒంట్లో పుట్టే చెత్త గానీ చాలావరకు నీళ్ళలో సరిగ్గా కరగవు. వాటికి లివరు ఒక టిక్కెట్టు అంటిస్తాది. అప్పుడు నీళ్ళలో కరిగి మూత్రంలో పోతాయి. ఆ టిక్కెట్లలో ఒక రకం గంధకంతో చేసిందే. మీరు టిక్కెట్ల మిషన్లో కాగితం తీసేసి, బస్సు నిండా జనాన్ని ఎక్కించినారు."

డేవిడ్‌రాజుకు ఆ బస్సు కళ్ళకు కట్టింది.

ఆమె ఇంకా చెప్పింది. జ్వరం బిళ్ళలో కొంత భాగం లివరులోనే చెడ్డ పదార్థంగా మారుతుంది. దాన్ని పట్టి బంధించడానికి లివరు ఒక పదార్థం తయారు చేసి పెట్టుకుంటుంది, దాని పేరు గ్లూటాథయోన్. చెడ్డదాన్ని పట్టుకునే చెయ్యి దాంట్లో గంధకమే. తిండి తిననివాళ్ళలో అది అడుగంటిపోతుంది. దాన్ని మళ్ళీ నింపే సరుకే ఇప్పుడు సెలైనులో దిగుతున్న మందు. మామూలు రోజుల్లో ఆ సరుకు మనకు గుడ్డులో, చేపలో, మాంసంలో, పాలలో, పప్పులో దొరుకుతుంది. ఉల్లి, వెల్లుల్లిలో ఉండేది కొద్దిపాటిదే.

"మరి టపాకాయలో ఉండేది?"

"పేరు ఒకటే. అది విడిగా ఉండే పొడి. ఇది ప్రొటీనులో కలిసిపోయి ఉండేది. మీ గోళ్ళలో, జుట్టులో కూడా ఉండాది. జుట్టు కాలితే వచ్చే కంపు దానిదే."

డేవిడ్‌రాజు ఉన్న కాస్త జుట్టూ తడుముకున్నాడు.

"లివరును మనం కడగనక్కర్లేదు. కడిగే పని దానిదే. రోజూ కడుగుతానే ఉంటాది. దానికి వేళకింత తిండి పెట్టి, మోయలేని బరువు పెట్టకుండా ఉంటే చాలు," అంది సుకుమారి.

సాయంత్రానికి కృపారాణి కావలి నుంచి ఏడుస్తూ వచ్చింది. వచ్చేసరికి వాళ్ళ నాయన పిల్లాడిలాగా టీచరు చెప్పేది వింటూ ఉన్నాడు. కన్నీళ్ళు తుడుచుకుని గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయింది.

మర్నాడు పరీక్షలో లివరు దెబ్బను చూపించే లెక్క రక్తంలో ఇంకా పెరిగిందన్నారు. ఆ రోజంతా అందరికీ భయంగానే గడిచింది. సురేంద్రబాబు ఇది ముందే అనుకున్నదేననీ, మనిషి తెలివిలోనే ఉన్నాడనీ, రక్తం గడ్డకట్టడం బాగుందనీ ధైర్యం చెప్పాడు. సుకుమారి సెలవు పెట్టి కూచుంది. ఆ తర్వాతి పరీక్షలో లెక్క దిగడం మొదలైంది. ఆ తర్వాత ఇంకా దిగింది. ఆకలి వేస్తోందని డేవిడ్‌రాజు నోరు తెరిచి అడిగిన పూట, డాక్టరు నవ్వి ఉడికించిన గుడ్డు పెట్టమన్నాడు.

సుకుమారి ఇంటికి పోయి గుడ్డు ఉడకబెట్టి, అన్నం, పప్పు కలిపి తెచ్చింది. ఆయన గుడ్డు కొరికి, మెల్లగా నమిలి మింగాడు. బాగుందా అని ఆమె అడిగింది. ఆయన తల ఊపి, పళ్ళెం ఆమె వైపు జరిపి, మీరూ తినండి అన్నాడు.

ఈ లోపల డిపో వాళ్ళు ఒక అలవాటు చేసుకున్నారు. ఉదయగిరి బస్సు ఏది ఆస్పత్రి ముందు నుంచి పోయినా డ్రైవరు ఒకసారి హారన్ కొట్టి పోతాడు. డేవిడ్‌రాజు మంచం మీద నుంచే, హారన్ బట్టి ఎవరు తోలుతున్నారో చెప్పేవాడు. రోగులు నిద్రపోవాలని సురేంద్రబాబు విసుక్కున్నాడు. రెండో రోజుకు ఆయన కూడా కిటికీలో నుంచి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు.

పాస్టరుగారు మిగతా ప్రకటనలు చదివేశారు. పెళ్ళి మాత్రం డాక్టరు సరేననేదాకా వెనక్కి జరిగింది. ఆ మధ్యలో డేవిడ్‌రాజు తెల్లవారుజామున కొండ వైపు నడవడం అలవాటు చేసుకున్నాడు. లివరులో ఆ కొవ్వు సంగతి ఇంకా ఉంది, దానికి నడకే మందని సురేంద్రబాబు గట్టిగా చెప్పాడు. లాల్ బాషా తోడొచ్చేవాడు. ఇంట్లో ఉన్న బిళ్ళల అట్టలన్నీ తీసి, ఏది దేనికో అడగకుండా ఏదీ వేసుకోకూడదని కూతురు ఒట్టు పెట్టించుకుంది.

పెళ్ళి ఆత్మకూరు చర్చిలో జరిగింది. డిపో వాళ్ళు, స్కూలు పిల్లలు, ఆస్పత్రి నర్సులు అందరూ వచ్చినారు. సుకుమారి తెల్లచీర కట్టుకుని నడిచి వస్తుంటే పదో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టినారు. పాస్టరుగారు కూడా ఆపలేదు. కరీంబీ తన చెల్లెళ్ళతో వచ్చి పొద్దున్నుంచీ డేగిశాల దగ్గర నిలబడి బిరియానీ వండించింది. సురేంద్రబాబు రెండోసారి వడ్డించుకుంటుంటే, డాక్టరుగారి లివరు ఎవరు చూస్తారని లాల్ బాషా అడిగాడు. డేవిడ్‌రాజు ఆకులో పడిన రెండో లడ్డూను సుకుమారి తీసి తన ఆకులో వేసుకుంది.

పెళ్ళైన వారానికి ఇద్దరూ సోమశిల చూద్దామని బస్సులో బయలుదేరినారు. డేవిడ్‌రాజుకు బస్సులో ప్రయాణికుడుగా కూచోవడం తెలియదు. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు కిందికి నొక్కుతున్నాడు. సుకుమారి చూసి, బ్రేకు డ్రైవరు దగ్గర ఉందని చెవిలో చెప్పింది.

డ్యాము దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నాయి. గట్టు మీద చేపలు వేయించే ఒకామె దగ్గర చెరో ముక్క తీసుకుని, నీళ్ళ వైపు తిరిగి కూచున్నారు. గాలికి ఆమె కొంగు ఆయన భుజం మీద పడుతోంది. దూరంగా ఒక పడవ వల లాగుతోంది. డేవిడ్‌రాజు ముల్లు తీసి చేపముక్క ఆమెకు పెట్టి, కొంచెంసేపు ఆలోచించి అడిగాడు.

"లివరు సంగతి తెలిసింది. కిడ్నీ ఏం చేస్తాది?"

"అది పెద్ద పాఠం. బస్సు వచ్చేలోపల అయిపోదు."

"ఈ బస్సు పోతే ఇంకో బస్సు ఉండాది," అన్నాడు డేవిడ్‌రాజు.

సుకుమారి చేతులు కడుక్కుని వచ్చి, ఆయన పక్కన ఇంకాస్త దగ్గరగా కూచుని చెప్పడం మొదలుపెట్టింది.